వేలెడు తేడా

ఆ బైకుల షాపులో ఫ్యాక్టరీ బండి అనే మాట ఎవరూ పొరపాటున కూడా ఎత్తరు. ఎత్తితే మెకానిక్ చేతిలో స్పానర్ కింద పెట్టేస్తాడు. ఇక గంటసేపు బండి బాగవదు, వచ్చినవాళ్ల చెవులు మాత్రం నిండిపోతాయి. మోటోక్రాస్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు ముందు అది చెబుతాడు. రోడ్డనేది ఉండదు, మట్టి గుట్టలూ గుంతలూ బురదా, వాటి మీద ఎగురుకుంటూ బండ్ల పందెం. తర్వాత అసలు సంగతికి వస్తాడు. షోరూములో మనకు అమ్మే బండి ఒకటి, కంపెనీ తన సొంత టీమ్ కోసం కట్టుకునే ఫ్యాక్టరీ బండి ఇంకొకటి. పక్కపక్కన నిలబెడితే కవలపిల్లలే. అదే రంగు, అవే స్టిక్కర్లు. లోపల మాత్రం ఒక్క బోల్టు కూడా కలవదు. వాళ్ల బోల్టులు టైటానియం. వాళ్ల షాకబ్జార్బర్లు ఎవరు అడిగినా బయటికి అమ్మరు. హ్యాండిల్‌ని పట్టి ఉంచే క్లాంపు అచ్చులో పోసింది కాదు, లోహపు దిమ్మ నుంచి చెక్కి తీసింది. మన బండిలో ఏదైనా విరిగితే మారుస్తాం. వాళ్లు ఎన్ని గంటలు నడిచిందో చూసుకుని, విరగకముందే తీసి పారేస్తారు.

ఇంత వివరంగా చెప్పే ఈ పెద్దమనిషి ఫ్యాక్టరీ బండిని జన్మలో ఒక్కసారి ముట్టుకున్నవాడు కాదు. రేసుల రోజున టీమ్ డేరా ముందు తాడు కట్టి ఉంటుంది. ఆ తాడుకు ఇవతల నిలబడి, మెడ నొప్పి పుట్టేదాకా సాచి, ఎంత కనిపిస్తే అంత చూసి వచ్చాడు. మిగతాది ఆయన ఊహ. అయినా చెప్పే తీరు చూస్తే ఆ బండ్లన్నీ ఆయన చేతుల మీదుగానే పోయాయేమో అనిపిస్తుంది.

ఆయన్ని అందరూ బావ అనే పిలుస్తారు. ఆ పేరు మరదలి పుణ్యం. చిన్నప్పటినుంచీ షాపులోనే మకాం పెట్టి, మాటకు ముందొకసారి, వెనకొకసారి బావా అంటుంటే కస్టమర్ల నోటికి కూడా అదే పట్టేసింది. జుట్టంతా నెరిసిన పెద్దలు కూడా "బావా, క్లచ్ జారుతోంది చూడు" అంటూ వస్తారు. మరదలికి మిడత అని పేరు. గుట్ట ఎక్కిందంటే బండి నేల మీద ఆగదని ట్రాక్ దగ్గరివాళ్లు పెట్టిన పేరది. ఇరవై ఆరేళ్లొచ్చినా పెళ్లి మాట ఎత్తితే హెల్మెట్ పెట్టేసుకుంటుంది. లోపల వినపడదట.

బావ భార్య, అంటే మిడతకు అక్క, దర్జీ. షాపును ఆనుకున్న గదిలో ఆమె కుట్టుమిషను ఉంది, మధ్య గోడలో ఒక కిటికీ ఉంది. ఆ కిటికీ వల్ల బావ ఉపన్యాసాలన్నీ ఆమెకు కంఠతా వచ్చేశాయి. ఒకరోజు బావ ఒక కస్టమర్‌ను నిలబెట్టి ఇదంతా చెబుతుంటే, మిషను ఆపి, దారం కొరికి, కిటికీలోంచి అడిగింది.

"అంటే ఏమండీ, షోరూము బండి రెడీమేడ్ చొక్కా, వాళ్లది కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కా. అంతేగా?"

"అంతే అంటే అంతే అనుకో. కానీ..."

"మరి ఈ ముక్కకు గంట ఎందుకండీ? పాపం ఆయన పాలు తెచ్చుకోవడానికి బయల్దేరిన మనిషి."

బావకు తల కొట్టేసినట్టయింది. ఆ కస్టమర్ నవ్వు ఆపుకోలేక బండి అక్కడే వదిలేసి పోయాడు.

ఇంత వాగే మనిషి కడుపులోనూ ఒక రహస్యం ఉంది. నాలుగేళ్ల క్రితం మిడత ఒక గుట్ట మీదినుంచి పడి ఎడమ కాలి ఎముక మోకాలి కింద విరగ్గొట్టుకుంది. ఆరు నెలలు మంచం మీదే ఉంది. అక్క అప్పుడే తేల్చి చెప్పేసింది. "కాలు మునుపటిలా వచ్చిందా, నీ ఇష్టం. రాలేదా, బండి అమ్మేస్తాను. ఇది నా మాట." అక్క మాట అంటే ఆ ఇంట్లో అప్పీలు లేని తీర్పు. చివరిసారి డాక్టరు దగ్గరికి మిడత ఒక్కతే వెళ్లొచ్చింది. వస్తూనే షాపులో ఈ మూలనుంచి ఆ మూలకు, ఆ మూలనుంచి ఈ మూలకు నడిచి చూపించింది. "చూశారుగా, పిసరంత తేడా లేదు" అంది. అక్క కాసేపు చూసి, మిషను దగ్గరికి వెళ్లిపోయింది.

మిడత మళ్లీ బండెక్కిన వారానికి బావ కనిపెట్టేశాడు. ఆయన పనితీరే వేరు. టేపు పట్టడు, కొలతలు రాసుకోడు. బండి తిరిగొచ్చాక కడగకముందే దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంటాడు. మోకాలు ఎక్కడ రాసుకుంది, బూటు ఎక్కడ ఒరుసుకుంది, రంగు ఎక్కడ చెరిగింది, ఇవే చూస్తాడు. ఆ మచ్చలు చూస్తే బండి నడిపిన మనిషి ఎలా కూర్చున్నదీ, ఎలా లేచి నిలబడ్డదీ ఆయనకు తెలిసిపోతుంది. ఆ రోజు కుడివైపు మచ్చ ఎప్పటిచోటే ఉంది. ఎడమవైపు మచ్చ అర వేలు కిందికి దిగింది. అంటే ఎడమ కాలు పొట్టిదైంది.

మరదలికి చెబితే ప్రతి మలుపులోనూ అదే గుర్తొచ్చి బెదిరిపోతుంది. భార్యకు చెబితే సాయంత్రానికల్లా బండి అమ్ముడైపోతుంది. బావ రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు మిడత భోజనానికి వెళ్లినప్పుడు షట్టరు సగం దించి పని మొదలుపెట్టాడు. ఎడమ ఫుట్ రెస్ట్ కోసి, కింద చిన్న ముక్క అతికి, పైకి లేపి వెల్డింగ్ చేశాడు. పైన అదే రంగు పూశాడు. గేరు రాడ్డును ఒక పన్ను పైకి ఎక్కించాడు. హ్యాండిల్ ఎడమ కొసను ఇసుమంత వంచాడు. సీటు అంచును లోపలి స్పాంజి దగ్గర చెక్కాడు. ఒక్కరోజులో కాదు, రెండు నెలలపాటు, ఇవాళ కాస్త రేపు కాస్త. రెండువైపులా మచ్చలు ఒకే ఎత్తుకు వచ్చిన రోజున ఆకురాయి పక్కన పెట్టేసి తృప్తిగా టీ తాగాడు.

మిడతకు మాత్రం ఆయన్ని ఏడిపించడానికి ఆ బండే దొరికింది. "నీ షోరూము బండి మీద ఇంతకంటే ఏం గెలుస్తాను బావా" అంటుంది మూడో స్థానం కప్పు పట్టుకొచ్చి. "బండిదేముంది, మీదున్న సరుకు చూసుకో" అంటాడు బావ. లోపల మాత్రం గాల్లో తేలిపోతుంటాడు. ఆ పిల్ల కంటికి అది మామూలు బండిలా కనిపించిందంటే ఆయన పని అంత బాగా కుదిరిందన్నమాట.

అలాంటి రోజుల్లో ఫ్యాక్టరీ టీమ్ నుంచి ఫోనొచ్చింది. వాళ్ల రైడర్ అమ్మాయి మణికట్టు విరిగింది, సీజన్లో ఇంకా ఐదు రేసులున్నాయి. మిడత నడపడం వాళ్ల మేనేజర్ చూసింది. శనివారం వచ్చి వాళ్ల బండి మీద పరీక్ష ఇవ్వాలి. రెండు నిమిషాల ఐదు సెకన్లలోపు ఒక చుట్టు పూర్తిచేస్తే ఐదు రేసులూ ఆమెవే, లేకపోతే లేదు. సాయంత్రం నాలుగింటికి ట్రాక్ మూసేస్తారు. అదే ట్రాక్ మీద షోరూము బండితో మిడత రెండు నిమిషాల ఏడు సెకన్లు చేసింది. ఫ్యాక్టరీ బండి ఆ రెండు సెకన్లు కొసరుగా ఇచ్చేస్తుందని షాపులో అందరూ తేల్చేశారు. పదిహేనేళ్లుగా మిడత కోరుకున్నది ఇదొక్కటే. ఇది పోతే మళ్లీ ఇంకో టీమ్ పిలవదు. ఈ ఆటలో ఇరవై ఆరేళ్లంటే ముసలితనానికి దగ్గరే.

శనివారం పొద్దున్న ముగ్గురూ వ్యానులో వెళ్లారు. వెనక మిడత సొంత బండి కూడా ఎక్కించారు. ఎందుకని అక్క అడిగితే, "చేతికి అలవాటు పోకుండా రెండు చుట్లు తిరుగుతుంది" అన్నాడు బావ. అసలు కారణం ఆయనకు కూడా సరిగ్గా తెలియదు. ఆ బండి లేకుండా ఆయన ఎక్కడికీ వెళ్లింది లేదు.

ఈసారి తాడు విప్పి ఆయన్ని లోపలికి రానిచ్చారు. టీమ్ మెకానిక్ సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. చేతులకు నల్లటి రబ్బరు గ్లౌజులు, జేబులో మిల్లీమీటర్లు కొలిచే వెర్నియర్, పక్కన పుస్తకం. బావ మనసులోనే ఆయనకు గ్లౌజులాయన అని పేరు పెట్టేశాడు.

"దయచేసి ఏదీ ముట్టుకోకండి" అన్నాడు గ్లౌజులాయన మర్యాదగా. "బయటివాళ్ల చెయ్యి పడితే మళ్లీ మొదటినుంచీ అన్నీ సరిచూసుకోవాలి. మా పద్ధతి అది."

"అబ్బే, నాకెందుకండీ" అంటూ బావ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. లోపల వేళ్లు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

"ముట్టుకోకుండా చూడటం ఆయనకు అలవాటేలెండి" అంది అక్క మడత కుర్చీ వేసుకుంటూ. "పదిహేనేళ్లుగా అదే పని."

గ్లౌజులాయన నవ్వకుండా పుస్తకం తెరిచాడు. "రైడర్ బరువుకు స్ప్రింగులు మార్చాం. యాభై నాలుగు కిలోలు."

"యాభై ఆరు" అంది అక్క.

"అక్కా" అంది మిడత పళ్లు బిగించి.

గ్లౌజులాయన యాభై నాలుగు కొట్టేసి యాభై ఆరు రాసుకున్నాడు. తర్వాత బండి స్టార్ట్ చేశాడు. బావ ఊపిరి బిగబట్టాడు. ఈ క్షణం గురించి ఆయన ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పి ఉంటాడో. ఇంజన్ మొదలవగానే గుండెలు అదిరిపోతాయనీ, పక్కన నిలబడలేమనీ చెప్పేవాడు. తీరా చూస్తే ఆ ఇంజన్ ఎంతో నెమ్మదిగా, పద్ధతిగా ఉంది.

"పవర్ ఎక్కువుండదా?" అని అడిగాడు నిరాశగా.

"కాస్త ఎక్కువే. కానీ తేడా అందులో లేదు" అన్నాడు గ్లౌజులాయన. "షోరూము బండి ఒక్కసారిగా లాగుతుంది, కొనేవాడికి అదే సరదా. ఇది రైడర్ ఎక్కడ అడిగితే అక్కడే, ఎంత అడిగితే అంతే ఇస్తుంది. చివరి చుట్టుకు కూడా చేతులు అలిసిపోకూడదు. ఆ సస్పెన్షన్ మీద మీరూ నేనూ ఎక్కామనుకోండి, రాయి మీద కూర్చున్నట్టుంటుంది. అంత వేగంతో వెళ్లేవాళ్లకే అది మెత్తబడుతుంది."

అక్క భర్త వైపు చూసింది. బావ అటు తిరిగి ఆకాశం చూశాడు. గంట ఉపన్యాసంలో సగం ఆ పూటతో కొట్టుకుపోయింది.

మొదటి విడత ఐదు చుట్లు. మేనేజర్ స్టాప్‌వాచ్ పట్టుకుని గట్టు మీద నిలబడింది. పొట్టి జుట్టు, పొట్టి మాటలు. అన్నిటికంటే బాగా వచ్చిన చుట్టుకే రెండు నిమిషాల తొమ్మిది సెకన్లు పట్టింది. షోరూము బండి కంటే రెండు సెకన్లు ఎక్కువ.

"కొత్త బండి కదా, అలవాటు పడనివ్వండి" అన్నాడు బావ.

రెండో విడతలో కూడా రెండు నిమిషాల తొమ్మిదే. మూడో విడతకు ఎనిమిదిన్నర. గ్లౌజులాయన హ్యాండిల్ తిప్పాడు, లివర్లు జరిపాడు, లాప్‌టాప్ తగిలించి ఇంజన్ తీరు మార్చాడు. గుట్టల మీద మిడత ఎప్పటిలాగే ఎగురుతోంది. ఎడమ మలుపులు బాగానే ఉన్నాయి. కుడి మలుపుల్లోనే సెకన్లు కారిపోతున్నాయి. కుడికి తిరిగేటప్పుడు కుడి కాలు ముందుకు చాపి, బరువంతా ఎడమ పాదం మీద మోపి తొక్కాలి. అక్కడే బండి జారుతోంది, మిడత గ్యాస్ తగ్గిస్తోంది.

మధ్యాహ్నానికి హెల్మెట్ తీసి బండి పక్కన మట్టిలో కూర్చుంది. "బండి బ్రహ్మాండంగా ఉంది బావా. నేనే దానికి సరిపోవట్లేదు."

ఏడిపించడానికి ఒక్క మాట కూడా కలపలేదు. పదిహేనేళ్లలో ఆ పిల్ల అంత తిన్నగా మాట్లాడటం బావ వినలేదు. ఆయన తెలియకుండానే మోకాళ్ల మీద కూర్చుని బురద పట్టిన ఆ బండిని చూశాడు. కుడివైపు మచ్చ ఒక ఎత్తులో ఉంది. ఎడమవైపు మచ్చ అర వేలు కిందికి ఉంది.

చెప్పకపోతే నాలుగింటికల్లా ఇంటికి పంపేస్తారు. చెబితే, కాలు పొట్టిదైన పిల్లను ఏ ఫ్యాక్టరీ టీమ్ తీసుకుంటుంది? చెప్పగానే పంపేస్తారేమో. పైగా భార్య నాలుగు అడుగుల దూరంలో కూర్చుని ఉంది. బావ వాచీ చూసుకున్నాడు. రెండున్నర అయింది.

"మేడమ్, ఒక మాట" అన్నాడు చివరికి. అందరూ తిరిగారు. ఆయన మాత్రం ఎవరి వైపూ చూడలేదు, బండితోనే మాట్లాడాడు. "ఆ అమ్మాయి ఎడమ కాలు కుడిదానికంటే పొట్టి. నాలుగేళ్ల కిందట విరిగింది. మా బండికి ఎడమ ఫుట్ రెస్ట్ నేను పైకి లేపాను. ఆమెకు తెలియదు. ఎవరికీ తెలియదు. మీ బండి తిన్నగా ఉంది కాబట్టి ఆమె వంకరగా నిలబడాల్సి వస్తోంది."

బావకు చెవులు వేడెక్కాయి. మిడత ముఖం చూసే ధైర్యం లేదు, అక్క ముఖం చూసే ఆలోచనే లేదు.

"ఎంత?" అన్నాడు గ్లౌజులాయన.

"ఏమిటండీ?"

"ఎంత లేపారు? ఎన్ని మిల్లీమీటర్లు?"

బావ నాలుక కరుచుకున్నాడు. "కొలవలేదండీ."

గ్లౌజులాయన ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. నాలుగేళ్లు స్నానం చేయలేదని ఎవరో చెబితే చూసినట్టు చూశాడు. తర్వాత వెర్నియర్ తీసుకుని, వ్యానులోంచి షోరూము బండిని దింపమన్నాడు. దాన్ని డేరా మధ్యలో స్టాండు మీద నిలబెట్టారు. టీమ్‌లో మిగతావాళ్లు కూడా వచ్చి చుట్టూ మూగారు. గ్లౌజులాయన వంగి ఒక్కొక్కటే కొలిచి పైకి చదివాడు.

"గేరు రాడ్డు, ఏడు పైకి. హ్యాండిల్ ఎడమ కొస, నాలుగు వెనక్కి. సీటు ఎడమ అంచు, ఆరు తక్కువ. క్లచ్ లివర్, మూడు లోపలికి." ప్రతి అంకెకూ మిడత ముఖం ఒక్కో రకంగా మారుతోంది. ఆ బండి తనకు వేళ్ల మీద తెలుసు అనుకుంది ఇన్నాళ్లూ. "ఫుట్ రెస్ట్, తొమ్మిది పైకి." ఆయన లేచి నిలబడ్డాడు. "ఇది షోరూము బండి అని ఎవరు చెప్పారు మీకు?"

"నేనే" అంది మిడత నెమ్మదిగా. "రోజూ."

గ్లౌజులాయన తొమ్మిది అని రాసుకోబోయాడు. అంతలో మడత కుర్చీలోంచి గొంతు వినిపించింది.

"తొమ్మిదేమిటి? వేలెడు తేడా ఉంటే. ఇరవైకి తక్కువ ఉండదు."

బావ పై ప్రాణాలు పైనే పోయాయి. మిడత గిరుక్కున తిరిగింది. "నీకెలా తెలుసు?"

"నీ ప్యాంట్లు ఎవరు కుడుతున్నారే?" అంది అక్క. "నాలుగేళ్లనుంచి ఎడమ కాలు వేలెడు ఎక్కువ మడిచి కుడుతున్నాను. ఒక్కసారైనా నేల మీద ఈడ్చుకుందా? కొత్త ప్యాంటు వేసుకున్న ప్రతిసారీ నీకు సరిగ్గా ఎలా సరిపోతోందనుకున్నావు?"

"మరి బండెందుకు మాన్పించలేదు?"

అక్క చీరకొంగు మీద లేని దుమ్ము దులుపుకుంది. "మాట అన్నాను కదా. చూశానని ఒప్పుకుంటే మాట మీద నిలబడాలి. నువ్వు మంచం మీద ఆరు నెలలు గోడకేసి తిరిగి పడుకున్నావు. బండి తీసేస్తే మళ్లీ అలా పడుకుంటావని భయమేసింది. అందుకే చూడనట్టు కుట్టాను."

బావ ఇన్నాళ్లూ ఎవరికి భయపడి షట్టరు సగం దించాడో, ఆ మనిషి గోడకవతల అదే పని చేస్తూ కూర్చుంది. కిటికీ కూడా తెరిచే ఉంది.

గ్లౌజులాయనకు ఈ కుటుంబ వ్యవహారం పట్టలేదు. ఆయన పుస్తకం వైపే చూస్తున్నాడు. "కాలు తేడా ఇరవై. బండిలో తొమ్మిదే ఉంది. కానీ ఈ బండి మీద ఆమె తిన్నగానే నిలబడుతోంది. మరి మిగతా పదకొండు ఎక్కడుంది?"

అక్క బావ వైపు చూసింది. బావ బండి వైపు చూశాడు. మిడత తన కాళ్ల వైపు చూసుకుంది. తర్వాత మట్టిలోనే కూర్చుని, ఎడమ బూటు బకిల్స్ ఒక్కొక్కటే విప్పి, బూటు లాగేసి, లోపలినుంచి ఒక మందపాటి ముక్క తీసి గ్లౌజులాయన చేతికిచ్చింది. పాదం ఆకారంలో కత్తిరించి, మూడు పొరలు అంటించిన నల్లటి రబ్బరు.

ఆయన వెర్నియర్ పెట్టాడు. "పదకొండు" అన్నాడు. లెక్క సరిపోయినందుకు ఆయన ముఖం వెలిగిపోయింది.

బావ ఆ రబ్బరును గుర్తుపట్టాడు. మోకాళ్ల కింద వేసుకునే తన పట్టా అది. నాలుగేళ్ల కిందట దాని మూల మాయమైతే ఎలుకల్ని నానా తిట్లూ తిట్టాడు, బోను కూడా పెట్టాడు.

"డాక్టరు చెప్పాడు బావా" అంది మిడత. "అక్కకు తెలిస్తే బండి పోయినట్టే అనుకున్నాను. నీకు చెబితే నువ్వు అక్క దగ్గర దాచలేవు అనుకున్నాను."

"నేనా? దాచలేనా?" అన్నాడు బావ. ఆ మాటకు అక్కకు నవ్వొచ్చింది. ముందు ఆమె, తర్వాత మిడత, తర్వాత బావ కూడా, ముగ్గురూ కళ్ల నీళ్లు తిరిగేదాకా నవ్వారు. ఆ నీళ్లన్నీ నవ్వువే అని చెప్పలేం. నాలుగేళ్లపాటు ఒక్క కాలును ముగ్గురు మూడు చోట్ల దాచారు. కాస్త తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఎలుకల బోనైనా మిగిలేది.

మేనేజర్ ఇంతసేపూ గట్టు దగ్గరే నిలబడి ఉంది. బావ భయంభయంగా ఆమె వైపు చూశాడు. "కాలు సంగతి..."

"నాకు కాళ్లు అక్కర్లేదు. టైమ్ కావాలి" అంది ఆమె వాచీ చూసుకుంటూ. "మూడున్నర లోపు బండి బయటికి రావాలి."

గ్లౌజులాయన అప్పటికే పెట్టె తెరిచాడు. ఫుట్ రెస్ట్‌ను రకరకాల ఎత్తుల్లో బిగించే పలకలు అందులో వరుసగా ఉన్నాయి. రెండు కలిపితే ఇరవై వచ్చింది. గేరు రాడ్డు, హ్యాండిల్, లివర్ కొలతలు షోరూము బండినుంచి చూసి ఎక్కించాడు. సీటు మాత్రం అలాగే ఉంచక తప్పలేదు. చివరి బోల్టు దగ్గర ఒక్క క్షణం ఆగి, జేబులోంచి కొత్త గ్లౌజుల జత తీసి బావకు అందించాడు.

"ఇది మీరు బిగించండి."

"మీ పద్ధతి?"

"గ్లౌజులున్నాయిగా."

అవి బావ చేతులకు పట్టలేదు. లాగి లాగి ఎక్కిస్తే బొటనవేలి దగ్గర చిరిగాయి. ఆ చిరిగిన గ్లౌజుతోనే ఆయన టైటానియం బోల్టు బిగించాడు. జీవితంలో మొదటిసారి ముట్టుకున్న ఫ్యాక్టరీ బోల్టు అది. చేతికి ఏమీ బరువే లేదు.

మిడత రబ్బరు ముక్క లేకుండా బూటు వేసుకుని బండెక్కింది. మొదటి చుట్టు మెల్లగా తిరిగింది. రెండో చుట్టులో మొదటి కుడి మలుపు దగ్గర కుడి కాలు చాపి, ఎడమ పాదం మీద నిలబడి తొక్కింది. బండి జారలేదు. మట్టిని కోసుకుంటూ మలుపులోంచి బయటపడింది. గ్యాస్ ఎక్కడా తగ్గలేదు. బావ కళ్లు మూసుకున్నాడు. చప్పుడు విన్నా చాలు ఆయనకు. మూడో చుట్టు, రెండు నిమిషాల ఆరు సెకన్లు. నాలుగో చుట్టు, ఐదు సెకన్ల మీద కొంచెం. అక్క ఎప్పుడు కుర్చీలోంచి లేచిందో, ఎప్పుడు వచ్చి భర్త చొక్కా చెయ్యి పట్టుకుందో ఇద్దరికీ తెలియదు. ఆమె కుట్టిన చొక్కానే అది, భుజం దగ్గర కుట్టు పటపటమంది.

ఐదో చుట్టు పూర్తికాగానే మేనేజర్ స్టాప్‌వాచ్ నొక్కి, రెండుసార్లు చూసింది. "నాలుగు పాయింట్ ఆరు" అంది. "రెండు నిమిషాల నాలుగు పాయింట్ ఆరు సెకన్లు. సోమవారం వచ్చేయమనండి."

ఆ మాట విన్నాక బావకు ముందు వచ్చింది సంతోషం కాదు, దిగులు. టీమ్ రైడర్ టీమ్‌తోనే ఉండాలి, టీమ్ బండే నడపాలి, టీమ్ మెకానికే చూడాలి. అదీ వాళ్ల పద్ధతే. పొద్దున్నే షట్టరు ఎత్తగానే నీ షోరూము బండి అంటూ లోపలికొచ్చే మనిషి సోమవారం నుంచి ఉండదు. బండి కడగకముందు మచ్చలు చూడటానికి ఆయన ఉండడు. సంతోషం కాసేపాగి వచ్చింది, కానీ దిగులు దానికి చోటిచ్చి పక్కకు జరిగిందే తప్ప పోలేదు.

మిడత బండి దిగి హెల్మెట్ తీసింది. ముఖమంతా మట్టి, కళ్ల చుట్టూ మాత్రం తెల్లగా ఉంది.

"వెళ్లిపోతున్నావన్నమాట" అన్నాడు బావ. "ఇక షోరూము బండి అని ఎవరిని ఏడిపిస్తావే?"

"నిన్నే. రోజూ ఫోన్ చేసి మరీ" అంది. తర్వాత ఒక్క క్షణం ఆగింది. "నువ్వు నన్ను ఫ్యాక్టరీ బండి మీదే తిప్పావు బావా, నాలుగేళ్లుగా. నేనే చూసుకోలేదు."

బావ ఆమె చేతిలోంచి హెల్మెట్ తీసుకుని, దాని మీది మట్టి తుడవసాగాడు. భార్య ఆయన తరఫున, "సరేలే, మనిషిని ఏడిపించకు, ఇంటికి వ్యాను నడపాల్సింది ఆయనే" అంది.

మైదానం అవతలి కొసన మేనేజర్ కాగితాలతో నిలబడి చెయ్యి ఊపింది. సంతకం పెట్టాలి. వంద అడుగుల దూరం. దారి పొడుగునా టీమ్ వాళ్లు, ట్రాక్ వాళ్లు, చూడటానికి వచ్చినవాళ్లు ఉన్నారు. బూటులో రబ్బరు లేదు. నాలుగేళ్లుగా నలుగురిలో ప్రతి అడుగూ బిగబట్టి వేసిన మిడత, ఈసారి ఏదీ బిగబట్టలేదు. అడుగడుగుకూ ఎడమవైపు ఒరుగుతూ, కుంటుతూ, తీరిగ్గా మైదానం దాటి వెళ్లింది. అక్క చూసింది, బావ చూశాడు. ఈసారి ఎవరూ చూడనట్టు నటించలేదు.